దూప: హైదరాబాద్ నుంచి పాలమూరుకు అయిదు రోజులు

మొదటి రోజు, సోమవారం: ఎల్బీనగర్ నుంచి నల్లగొండ

పొద్దున ఏడున్నరకే ఎల్బీనగర్‌లో జనం మెట్రో పిల్లర్ల నీడల్లో వరుసగా నిలబడ్డారు. నీడ ఎంత వెడల్పుంటే వరుస అంతే. పొద్దు జరిగినకొద్దీ వాళ్లూ జరుగుతున్నారు. సిగ్నల్ పడితే బండ్లవాళ్లు గీత దాకా రావడం లేదు. ఇరవై అడుగుల వెనకే, పిల్లర్ నీడ ఎక్కడ పడితే అక్కడ ఆగిపోతున్నారు. అగ్నికర్తరి నడుస్తున్న రోజులు. రోహిణి కార్తెకు ఇంకా పది రోజులుంది.

నేను సైట్ ఇంజినీర్‌ని. సెలవు పెట్టి మహబూబ్‌నగర్, అదే పాలమూరు, పక్కన ఒక ఊరికి బయల్దేరాను, మా సైట్‌లో రాడ్ బెండింగ్, అంటే స్లాబుకు ఇనుప రాడ్లు వంచి కట్టే పని, చేసే ఒకతన్ని చూడటానికి. నల్లగొండలో మా పెద్దమ్మ ఒక్కతే ఉంటుంది. ఈ ఎండల్లో ఆమె ఎలా ఉందో చూడాలని చుట్టు దారి పట్టాను.

పదకొండు రోజుల కిందట, మధ్యాహ్నం రెండు నలభైకి, అయిదో అంతస్తు స్లాబు మీద అతను కూలిపోయాడు. అంతకు పావుగంట ముందు నుంచే కట్టిన చోటే మళ్లీ తీగ చుడుతున్నాడట. పిలిస్తే పలకలేదట. రాత్రి తాగింది దిగలేదేమో అనుకున్నారు పక్కవాళ్లు. నేను పైకి వెళ్లేసరికి ఒళ్లు కాలిపోతోంది, ఏదేదో మాట్లాడుతున్నాడు. మా రాడ్ మేస్త్రీ పెద్దాయన ఎవర్నీ అడగలేదు. స్లాబు తడిపే క్యూరింగ్ పైపు లాక్కొచ్చి అతని మెడ మీద, చంకల్లో, తొడల మధ్య నీళ్లు వదిలాడు. స్లాబు మీద కప్పిన తడి గోనెపట్టా తీసి అతనికి చుట్టి, నలుగురు కలిసి కిందికి మోశారు. 108 వచ్చేదాకా పైపు ఆపలేదు. ఆస్పత్రిలో చూస్తే జ్వరం నూట అయిదు దాటి ఉంది. అక్కడే చల్లబరచకుండా నేరుగా తెచ్చి ఉంటే చెప్పలేకపోయేవాళ్లమని అన్నాడు డాక్టరు.

ఆ రోజు సైట్ డైరీలో నేను రాసింది ఇంతే: "కార్మికుడికి అస్వస్థత. పని 50 నిమిషాలు ఆగింది." అదే పేజీలో పైన స్లాబు క్యూరింగ్ గురించి ఆరు వరుసలు ఉన్నాయి.

ఎండలో కాంక్రీటు ఎలా పోయాలో చెప్పడానికి మన దేశంలో ప్రత్యేకంగా ఒక ప్రమాణమే ఉంది, ఐఎస్ 7861. వాతావరణం 40 డిగ్రీలు దాటితే ఇసుకకు, కంకరకు నీడ పట్టాలి, అవసరమైతే నీళ్లలో ఐసు వేయాలి, ఎండ దిగాక పోయాలి. పొడి ఎండల్లో కాంక్రీటును పది రోజులకు తగ్గకుండా తడపాలని ఐఎస్ 456 చెబుతుంది. ఇవన్నీ నేను తు.చ. తప్పకుండా పాటిస్తాను, ఎందుకంటే పాటించకపోతే స్లాబు పగులుతుంది. అతను పడిపోయిన రోజు కూడా మా కంకర కుప్ప మీద పచ్చ నెట్ ఉంది. రాడ్లు కట్టేవాళ్ల మీద లేదు.

ఇంకో సంగతి ఆస్పత్రి వరండాలో కూర్చున్నప్పుడు తెలిసింది. అన్న కూతురి పెళ్లికని ఊరికెళ్లి, పద్దెనిమిది రోజులుండి వచ్చాడు. పనిలోకి దిగి అది మూడో రోజే. ఎండలో పనికి ఒళ్లు అలవాటు పడాలంటే వారం నుంచి రెండు వారాలు పడుతుంది. చెమట త్వరగా పట్టడం, అందులో ఉప్పు తక్కువ పోవడం, గుండె మీద భారం తగ్గడం, ఇవన్నీ ఒళ్లు మెల్లగా నేర్చుకునేవి. కొన్నాళ్లు మానేస్తే మరిచిపోతుంది. పనిచోట ఎండదెబ్బకు పోయేవాళ్లలో సగానికి పైగా మొదటి కొద్ది రోజుల్లోనే పోతారు. అందుకే కొత్తగా వచ్చినవాళ్లకు తొలిరోజు అయిదో వంతు పనే ఇచ్చి, రోజూ కొంచెం పెంచాలంటారు. మేం అతనికి మొదటి రోజే పూర్తి పని ఇచ్చాం. "పద్దెనిమిది రోజులు రెస్ట్ తీసుకున్నావు కదా" అని నేనే అన్నాను.

బస్సు చౌటుప్పల్ దాటేసరికి కిటికీలోంచి వచ్చే గాలి పొయ్యి ముందు కూర్చున్నట్టే ఉంది. ఒక్కొక్కరే అద్దాలు మూశారు. చిట్యాల, నార్కట్‌పల్లి దాటి, పదకొండు కాకముందే నల్లగొండలో దిగాను. పెద్దమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది. "ముందుగాల నీళ్లు తాగు బిడ్డా, ముచ్చట తర్వాత."

రాత్రి డాబా మీద పడుకున్నాం. పొద్దుగూకగానే పెద్దమ్మ నాలుగు బకెట్ల నీళ్లు చల్లింది. మొదటి బకెట్ పడగానే బండలు సుయ్యిమన్నాయి. పదకొండింటికి గాలి తిరిగింది. తెల్లవారుజామున దుప్పటి వెతుక్కున్నాను. హైదరాబాద్‌లో మా ఫ్లాట్ పై అంతస్తులో ఉంటుంది. రాత్రి పదకొండింటికి గోడ మీద చేయి పెడితే వెచ్చగా తగులుతుంది. పగలంతా కాంక్రీటు, తారు రోడ్లు మింగిన వేడి రాత్రంతా బయటికి వస్తూనే ఉంటుంది. దానికి తోడు ప్రతి ఏసీ తన గదిలోని వేడిని తీసి వీధిలోకి వదులుతుంది. ఏసీ ఉన్నవాడి కిటికీ అవతల ఏసీ లేనివాడు పడుకుంటాడు. చెట్లు, చెరువులు ఉన్న చోట రాత్రి తొందరగా చల్లబడుతుంది. మేం వాటినే తీసేసి కడతాం. పగలు దెబ్బతిన్న ఒళ్లు రాత్రి కోలుకోవాలి. ఆ రాత్రి చల్లబడకపోతే, మర్నాటి ఎండ నిన్నటి అలసట మీదే పడుతుంది. మా సైట్ కూలీలు పడుకునేది రేకుల షెడ్డులో.

రెండో రోజు, మంగళవారం: నల్లగొండ

ఇక్కడ పొద్దు అయిదింటికే ఊరు లేచి పని మీద ఉంటుంది. గడియారం సెంటర్ దగ్గర బత్తాయిల బండి ఆమె అప్పటికే సగం బస్తా పిండింది. నల్లగొండ బత్తాయికి పెట్టింది పేరు, బత్తాయిల కోసమే ఇక్కడ మార్కెట్ ఉంది. ఈ నీళ్లు లేని నేలలో అంత రసం ఎక్కడి నుంచి వస్తుందో అని చిన్నప్పుడు ఆశ్చర్యపోయేదాన్ని. "పన్నెండు దాటినంక ఒక్కలు రారక్కా, నేను గూడ ఇంటికి పోత. మల్ల అయిదింటికే" అంది ఆమె.

నిజమే. ఒంటిగంటకు వీధి చివరిదాకా చూస్తే ఒక కుక్క, మురుగుకాలువ పక్కన తడి మట్టిలో పడుకుని. దుకాణాలకు సగం షట్టర్లు. చలివేంద్రం దగ్గర మాత్రం ఇద్దరు ముసలివాళ్లు, ఒక ఆటో అతను. నల్లగొండ ఎండకు లొంగి, దాని టైముకు తన టైము సర్దుకుంది. హైదరాబాద్‌కు అది కుదరదు. అక్కడ మధ్యాహ్నం రెండింటికే అన్నం ఆర్డర్లు ఎక్కువ, ఆ అన్నం మోసేవాళ్లు బండి మీద ఉంటారు. చల్లగా ఇంట్లో కూర్చునేవాళ్ల కోసం ఇంకొకరు ఎండలో తిరుగుతున్నారు. ఏప్రిల్, మే నెలల్లో నేనూ అలా తెప్పించుకున్నదాన్నే.

పేపర్లో "నేడు, రేపు వడగాలులు" అని పెద్ద అక్షరాలతో వేశారు. వాతావరణ శాఖ లెక్క ప్రకారం మైదానాల్లో 40 డిగ్రీలు దాటి, మామూలు కంటే కనీసం 4.5 డిగ్రీలు ఎక్కువుంటే వడగాలి. లేదా నేరుగా 45 తాకాలి. నల్లగొండలో మే నెలలో 41, 42 మామూలే కాబట్టి 44 వచ్చినా లెక్కలో వడగాలి కాకపోవచ్చు. పైగా ఆ కొలిచేది గాలి ఆడే తెల్లని చెక్కపెట్టెలో, నీడలో. స్లాబు మీద ఇనుప రాడ్లు పరిచిన చోట నిలబడ్డవాడికి పైనుంచి ఎండ, కింద నుంచి సెగ. రాడ్డు పట్టుకుంటే చేయి కాలుతుంది, గుడ్డ చుట్టుకుని కడతారు. పేపర్లో అంకె వాళ్ల దగ్గరి వేడిది కాదు.

మధ్యాహ్నం పెద్దమ్మను గమనిస్తూ కూర్చున్నాను. డెబ్బై నాలుగేళ్లు. పెదనాన్న పోయి ఆరేళ్లు. పిల్లలిద్దరూ హైదరాబాద్‌లోనే. కిటికీకి తడి చీర కట్టింది, కానీ వీధి తలుపు గట్టిగా వేసుకుంటుంది, దొంగల భయం. దూప, అంటే దాహం, అయితేనే నీళ్లు తాగుతుంది. వయసు మీద పడినవాళ్లకు దూప సరిగా తెలియదు. దూప అయ్యేసరికే ఒంట్లో నీరు తగ్గిపోయి ఉంటుంది. ఆమె వేసుకునే బీపీ మాత్రల్లో ఒకటి నీళ్లు ఎక్కువ పోయేలా చేసేది. ఎండకాలంలో ఆ మోతాదు గురించి డాక్టర్ని ఒక్కసారైనా అడగాలని మా అన్నకు అక్కడి నుంచే ఫోన్ చేశాను.

1995 జూలైలో చికాగో నగరంలో కొద్ది రోజుల వేడికి 739 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది ఒంటరి ముసలివాళ్లు. దొంగల భయానికి తలుపులు, కిటికీలు బిగించుకుని లోపలే ఉండిపోయినవాళ్లు. 2003 ఆగస్టులో ఫ్రాన్స్‌లో దాదాపు 15 వేల మంది. అక్కడ సెలవుల నెల, పిల్లలంతా ఊళ్లు తిరగడానికి పోయారు. ఆ లెక్కలు చదివినప్పుడు అదేదో దూరదేశం కథ అనుకున్నాను. పెద్దమ్మ గొళ్లెం పెట్టుకుని పడుకున్న గదిలో కూర్చుంటే దూరం అనిపించలేదు.

మూడింటికి పక్కింటావిడ తలుపు తట్టి, సల్ల గ్లాసు ఇచ్చి, పది నిమిషాలు కూర్చుని పోయింది. రోజూ వస్తుందట. "ఆమె సల్ల తాగకుంటె ఊకోది" అంది పెద్దమ్మ. సల్లలో ఉప్పు, అల్లం, కరివేపాకు. నాకు కొండంత ధైర్యం వచ్చింది. ఆవిడ ఫోన్ నంబర్ తీసుకున్నాను. ఇన్నేళ్లలో ఆ పని చేయాలని నాకు తోచలేదు.

సాయంత్రం పానగల్లు. ఊరికి నాలుగు కిలోమీటర్లే. ఉదయసముద్రం మీదుగా వచ్చే గాలికి ప్రాణం లేచొచ్చింది. కందూరు చోడుల కాలం నాటి ఛాయా సోమేశ్వరాలయం, మూడు గర్భగుళ్ల గుడి. అందులో ఒక గర్భగుడిలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక స్తంభం నీడ కదలకుండా లింగం వెనక గోడ మీద నిలిచి ఉంటుంది. పొద్దు ఎటు తిరిగినా నీడ తిరగదు. ఎదుట ఉన్న స్తంభాలను, వెలుతురు వచ్చే దారులను అలా కుదిర్చి కట్టారు. చిన్నప్పుడు దేవుడి మహిమ అని చూశాను. ఈసారి కట్టినవాడి బుద్ధి చూశాను. నీడ ఎక్కడ పడాలో, ఎంతసేపు నిలవాలో ముందే లెక్కవేసి పునాది తీశాడు. నిన్న ఎల్బీనగర్‌లో పిల్లర్ నీడ వెంట జరిగిన జనం గుర్తొచ్చారు. ఆ పిల్లర్ నీడ ఎక్కడ పడుతుందని ఎవరూ లెక్క వేయలేదు. మా అపార్టుమెంట్ డ్రాయింగుల్లోనూ నీడకు ఒక్క గీత లేదు.

మూడో రోజు, బుధవారం: దేవరకొండ, డిండి, జడ్చర్ల

రోజంతా బస్సులే. నల్లగొండలో పొద్దున ఆరింటికి ఎక్కి మల్లేపల్లి, దేవరకొండ, డిండి, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగర్.

ఈ రోడ్డుకు పైన నాంపల్లి, మర్రిగూడ మండలాలు. ఫ్లోరైడ్ ఊళ్లు. బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ మోకాళ్లు వంగి ఉన్నాయి, సీటు కమ్మీ పట్టుకుని మెల్లగా ఒరిగి కూర్చుంది. "అప్పట్ల ఎండకు దూపయి చెంబులకు చెంబులు బోరు నీళ్లే తాగేటోళ్లం బిడ్డా. గా నీళ్లే గిట్ల జేసినయ్" అంది. నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం. వేడి ప్రాంతంలో మనిషి ఎక్కువ తాగుతాడు కాబట్టి అదే నీళ్లు ఇక్కడ ఇంకా ఎక్కువ చేటు చేస్తాయి. ఎండదెబ్బ తగలకుండా తాగిన నీళ్లే ఎముకలను వంచాయి. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పైలాన్‌ను 2015లో చౌటుప్పల్‌లో, అప్పటి నల్లగొండ జిల్లాలోనే నిలబెట్టారు. ఇప్పుడు కృష్ణ నీళ్లు ఇంటికి వస్తున్నాయని, మనవళ్ల పండ్లు తెల్లగా ఉన్నాయని చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు నవ్వింది.

డిండి దగ్గర టీ. కల్వకుర్తిలో గాలిదుమారం లేచి బస్టాండ్ అంతా దుమ్ము. మహబూబ్‌నగర్ చేరేసరికి రెండు. లాడ్జిలో కూలర్ ఉంది, నీళ్లు లేవు.

నాలుగో రోజు, గురువారం: దేవరకద్ర వైపు ఒక ఊరు

ఊరి పేరు రాయను. పొద్దున ఏడింటికి పల్లెవెలుగు దిగి నడుస్తుంటే ఉపాధి పని ముగించుకున్న ఆడవాళ్లు తట్టలు నెత్తిన పెట్టుకుని ఎదురొస్తున్నారు. నాలుగింటికే పోయారట.

మట్టి మిద్దె. లోపలికి అడుగు పెట్టగానే చల్లగా తగిలింది. రెండు అడుగుల మందం గోడలు, పైన కట్టెలు, ఆకు, మట్టి. అతను గడపలో కూర్చుని ఉన్నాడు. బాగా చిక్కాడు. లేవబోతే వద్దన్నాను.

"స్లాబు అయిందా మేడం?" అన్నాడు మొదట.

అయిందని చెప్పాను. ఆ తర్వాత ఏం చెప్పాలో తెలియలేదు. అతని తల్లి జొన్న అంబలి గ్లాసు నా చేతిలో పెట్టింది, నంజుకోవడానికి ఉల్లిగడ్డ. "మా పిలగానికి నీళ్లు పోసిన పెద్దమనిషికి చెప్పు బిడ్డా, ఆయన కాళ్లు మొక్కుత" అంది. తాగుతున్నంతసేపూ ఆమె కళ్లు తుడుచుకుంటూనే ఉంది. పద్దెనిమిది రోజుల తర్వాత వచ్చినవాడికి మొదటి రోజే పూర్తి పని ఇచ్చింది నేనేనని, అది తప్పని చెప్పాను. అతను తల అడ్డంగా ఊపాడు. "మీరు ఇయ్యకున్నా నేను జేద్దును మేడం. పెండ్లికి అప్పైంది." తప్పు నాదేనని మళ్లీ అన్నాను. ఈసారి ఊరుకున్నాడు.

అతని భార్య కూడా మా సైట్‌లోనే ఇసుక మోస్తుంది. ఇప్పుడు అతని కోసం ఊళ్లో ఉంది. ఎండలో ఎన్ని నీళ్లు తాగుతావని అడిగాను. చాలాసేపు చెప్పలేదు. అత్త లోపలికి పోయాక చెప్పింది. "పొద్దుందాక రెండు గ్లాసులు మేడం. తాగితె యాడికి పోవాలె?"

సైట్‌లో ఒకటే టాయిలెట్ ఉంది. ఆఫీసు గదికి ఆనుకుని. దాని తాళంచెవి నా బ్యాగులో ఉంటుంది. అయిదేళ్లుగా నేను ఆ సైట్లలో తిరుగుతున్నాను, ఆడమనిషిని, అయినా ఈ మాట ఎవరూ నాతో అనలేదు, నేను అడగలేదు. ఎండదెబ్బ నివారణ అని మేం గోడకు అంటించిన కాగితంలో మొదటి వాక్యం "నీళ్లు ఎక్కువగా తాగండి".

తొమ్మిదింటికి వేపచెట్టు అరుగు మీద పెద్దవాళ్లు చేరారు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. డ్యాములు, కాలువలు, రోడ్లు, మేడలు, వీళ్ల చేయి పడనివి తక్కువ. ఇక్కడ ప్రతి ముసలాయనకూ ఒక నగరం ఎండ తెలుసు. బొంబాయిలో ఇరవై ఏళ్లు చేసిన ఆయన చెప్పింది విని ఆశ్చర్యపోయాను.

"బొంబాయిల ఎండ గింత ఉండది బిడ్డా. గని చెమట ఆరది. ఆడ కుండల నీళ్లు గూడ సల్లగ గావు."

ఒక్క ముక్కలో శాస్త్రమంతా చెప్పాడు. కుండ గోడలోంచి ఊరిన తడి గాలికి ఆరితేనే లోపలి నీళ్లు చల్లబడతాయి. ఒళ్లూ అంతే. చెమట కారితే చాలదు, ఆరాలి. గాలిలో తేమ నిండి ఉంటే కుండా చల్లబడదు, మనిషీ చల్లబడడు. అందుకే తీరప్రాంత నగరాలకు వడగాలి లెక్క 37 డిగ్రీల దగ్గరే మొదలవుతుంది. 2023 ఏప్రిల్ 16న నవీ ముంబైలోని ఖార్‌ఘర్‌లో ఎండలో గంటల తరబడి జరిగిన సభలో వడదెబ్బకు 14 మంది చనిపోయారు. ఆ రోజు అక్కడ 40 డిగ్రీలు కూడా లేదు.

ఇంకొకాయన గుజరాత్‌లో పనిచేశాడు. అక్కడి ఎండ మన ఎండలాంటిదే, పొడి ఎండ అన్నాడు. అహ్మదాబాద్‌లో 2010 మే నెలలో ఘోరమైన వడగాలి వచ్చి ఆ నెలలో మామూలు కంటే 1,300 మందికి పైగా ఎక్కువ చనిపోయారు. దాని తర్వాత 2013లో ఆ నగరం వేడి కార్యాచరణ ప్రణాళిక తయారు చేసుకుంది, దేశంలో అదే మొదటిది. ముందు రోజే హెచ్చరిక, ఆస్పత్రుల్లో ఏర్పాట్లు, బస్తీ ఇళ్ల పైకప్పులకు తెల్ల సున్నం. మన దగ్గర 2015 వేసవి ఎవరూ మరిచిపోరు. ఆ ఏడు దేశంలో రెండు వేల మందికి పైగా పోతే, అత్యధికులు రెండు తెలుగు రాష్ట్రాల వాళ్లే. 2023లో తెలంగాణ, పైకప్పులు వేడెక్కకుండా చూసే కూల్ రూఫ్ విధానం తెచ్చింది. 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోయినవాళ్ల కుటుంబానికి 4 లక్షల సాయం ఇస్తామన్నారు. మంచి పనే. బతికి బయటపడి నెల కూలి పోగొట్టుకున్న ఇతనికి మాత్రం అందులో ఏమీ లేదు.

పని వేళలు మార్చితే ఎలా ఉంటుందని అడిగాను. అరుగు మీద అందరూ ఒకేసారి మాట్లాడారు. చివరికి మా రాడ్ పనివాడే చెప్పాడు. "పొద్దుగాల అయిదింటికి మొదలువెట్టి పదకొండుకు దిగొచ్చు మేడం. మల్ల నాలుగింటికి ఎక్కొచ్చు. గని నడుమ యాడ పండాలె? రేకుల కింద పండుకునుడు కంటె పైన పని జేసుడే నయం."

ఈ మాట నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. మధ్యాహ్నం విరామం అని మేం కాగితం మీద రాసుకుంటాం, ఆ విరామం గడిపే చోటు పని చోటు కంటే వేడి. మా సైట్‌లో కింద స్టిల్ట్ ఫ్లోర్ ఉంది, స్తంభాల మధ్య ఖాళీగా వదిలిన అంతస్తు. మూడు వైపులా గాలి, నెత్తిన అయిదు అంతస్తుల నీడ. అక్కడ మేం సిమెంటు బస్తాలు పెట్టి తాళం వేశాం.

పన్నెండు కాకముందే నన్ను లోపల పడుకోబెట్టారు. నాలుగు దాకా బయటికి పోనివ్వలేదు. ఆ మట్టి మిద్దెలో ఫ్యాన్ లేకుండా నిద్రపోయాను.

అయిదో రోజు, శుక్రవారం: పిల్లలమర్రి, తిరుగు ప్రయాణం

పొద్దున ఆరున్నరకు పిల్లలమర్రి. ఏడు వందల ఏళ్ల నాటిదని చెప్పే మర్రి, దాదాపు మూడు ఎకరాల మీద పరుచుకుంది. అసలు మొదలు ఏదో ఊడలు ఏవో తెలియదు. కొన్నేళ్ల కిందట చెదలు పట్టి, కొమ్మలు విరిగిపడితే, 2018లో మనిషికి ఎక్కించినట్టే సీసాలు వేలాడదీసి చుక్కచుక్కగా మందు ఎక్కించారు. కొమ్మల కింద ఆసరాగా కట్టిన దిమ్మెలను ఒక ఇంజినీర్‌గా చాలాసేపు చూశాను. చెట్టు కూడా తన బరువు పంచుకోవడానికి ఊడలు దింపుకుంటుంది, సరిపోని చోట మనుషులు దిమ్మె కట్టారు. కంచె బయట నిలబడ్డా ఆ చల్లదనం తెలుస్తోంది. ఆకుల నుంచి ఊరే తడి ఆరడం వల్ల వచ్చే చల్లదనం అది, కుండలాగే. మెట్రో పిల్లర్‌ది ఉత్త నీడే.

అక్కడి నుంచే మా మేనేజర్‌కు ఫోన్ చేశాను. అయిదు అడిగాను. స్టిల్ట్ ఫ్లోర్ ఖాళీ చేయాలి. షెడ్డు రేకుల మీద సున్నం కొట్టాలి. ఆడవాళ్లకు విడిగా రెండు టాయిలెట్లు. ఊరి నుంచి వచ్చినవాళ్లకు మొదటి అయిదు రోజులు తక్కువ పని, పూర్తి కూలి. పని పదకొండుకు ఆపి నాలుగుకు మొదలు. టాయిలెట్ల దగ్గర ఖర్చెంత అన్నాడు. పూర్తి కూలి దగ్గర చాలాసేపు వాదించాడు. ఒక మనిషి పోతే ఎన్ని రోజులు పని ఆగుతుందో అని బేరంలాగా మాట్లాడటం నాకు నచ్చలేదు, అయినా మాట్లాడాను. చివరికి "స్లాబు డేట్లు జరగనంతవరకు నీ ఇష్టం" అన్నాడు. కూలి సంగతి సోమవారం చూద్దామన్నాడు. సోమవారం మళ్లీ అడుగుతాను.

ఊళ్లో కుమ్మరి దగ్గర మూడు పెద్ద కుండలు కొన్నాను. మా కూలీలు నీళ్లు తక్కువ తాగడానికి ఇంకో కారణం, నీళ్ల డ్రమ్ము కింద గేటు దగ్గర ఉండటం. అయిదు అంతస్తులు దిగి, తాగి, మళ్లీ ఎక్కేసరికి తాగింది చెమటగా పోతుంది. బస్సులో కుండలు పెట్టనివ్వరేమో అని టెన్షన్ పడ్డాను. కండక్టరమ్మ చూసి, తన సీటు పక్కన జరిపి, పగలకుండా గోనె సంచి కింద వేసింది. "మా డిపోల గూడ గివ్వే పెట్టినం" అంది.

ఆరాంఘర్ దగ్గర దిగేసరికి రాత్రి తొమ్మిది. నేల ఇంకా వెచ్చగానే ఉంది. ఆటో మాట్లాడుకుని నేరుగా సైట్‌కు వెళ్లాను. షెడ్డులో ఎవరూ లేరు, అందరూ స్లాబు మీద బొంతలు పరుచుకుని పడుకున్నారు. మేస్త్రీని లేపి, పాలమూరులో ఆ తల్లి చెప్పిన మాట చెప్పాను. ఆయన ఏమీ అనకుండా ఒక కుండ భుజాన పెట్టుకుని మూడో అంతస్తు మెట్ల దగ్గరకు మోశాడు. ఇసుక పరిచి, కుదురు చేసి, కుండ నిలబెట్టి నింపాడు. నేను గ్లాసు ముంచి తాగాను. వెచ్చగా, మట్టి వాసన.

"కొత్త కుండ మేడం, ఇయ్యాల నాననియ్యాలె. రేపు మాపటికి సల్లగైతయ్" అన్నాడు మేస్త్రీ. ఆపై రెండో కుండ ఎత్తుకుని అయిదో అంతస్తుకు ఎక్కసాగాడు.